సంఘీభావ తీర్మానంలో ఏ మాట బరువెంత

1971 మార్చి 31న భారత పార్లమెంటు ఉభయ సభలూ ఒక సంఘీభావ తీర్మానాన్ని, అంటే దాడికి గురైన ప్రజలకు అండగా ఉన్నామనే సభ ప్రకటనను, ఏకగ్రీవంగా ఆమోదించాయి. ప్రవేశపెట్టింది ప్రధాని ఇందిరా గాంధీ. ఢాకా మీద పాకిస్తాన్ సైన్యం విరుచుకుపడింది మార్చి 25 రాత్రి. అంటే వారం తిరక్కముందే సభ నోరు విప్పింది. ఆ తీర్మానం పాఠాన్ని ముందు పెట్టుకుని మాట మాటా చదవాలి. అప్పటికి ప్రపంచ పటాల్లో ఆ ప్రాంతం పేరు తూర్పు పాకిస్తాన్. తీర్మానం మాత్రం తూర్పు బెంగాల్ అని పిలిచింది. దాడికి దిగిన సైన్యాన్ని పశ్చిమ పాకిస్తాన్ నుంచి పంపిన బలగాలు అంది. చట్టం లెక్కలో అది ఇంకా ఒకే దేశం లోపలి వ్యవహారం. ఈ రెండు పేర్ల ఎంపికతో అది బయటి నుంచి వచ్చిపడిన సైన్యానికీ, సొంత గడ్డ మీదున్న ఏడున్నర కోట్ల మందికీ మధ్య పోరుగా కళ్లకు కట్టింది. జరుగుతున్నది జాతిహననంతో సమానమని చెప్పింది. వారి పోరాటం గెలిచి తీరుతుందన్న నమ్మకాన్ని రికార్డులోకి ఎక్కించింది. భారత ప్రజల సానుభూతీ మద్దతూ ఉంటాయని మాట ఇచ్చింది.

అందులో లేనివి కూడా గమనించాలి. దేశంగా గుర్తిస్తామని లేదు. ఆయుధాల ప్రస్తావన లేదు. గడువు లేదు. బంగ్లాదేశ్ తాత్కాలిక ప్రభుత్వం, అంటే ముజీబ్‌నగర్ ప్రభుత్వం, ఏర్పడింది ఏప్రిల్ 10న. బంగ్లాదేశ్‌ను గుర్తిస్తున్నట్టు ఇందిరా గాంధీ పార్లమెంటులో ప్రకటించింది డిసెంబర్ 6న. మధ్యలో గడిచిన ఎనిమిది నెలలూ ప్రభుత్వం చేతులు కట్టేసి లేవు, కానీ మార్చి 31 నాటి మాట నుంచి వెనక్కి జారే వీలూ లేదు. సంఘీభావ తీర్మానం చేయవలసిన పని ఇదే: వెనుక దారి మూయాలి, ముందు దారి తెరిచి ఉంచాలి. ఇలాంటి తీర్మానాలను ఉత్త కాగితాలని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. అయితే ఉత్త కాగితాలు కూడా బోలెడు ఉన్నాయి. ఏది ఏదో పాఠం చదివితేనే తెలుస్తుంది.

మొదట చూడవలసింది రూపం. వార్తల్లో 'అమెరికా కాంగ్రెస్ తీర్మానం' అని వస్తే దాని వెనుక మూడు వేర్వేరు సంగతులు ఉండొచ్చు. సాధారణ తీర్మానం ఒక్క సభ అభిప్రాయం, అక్కడితో ఆగిపోతుంది. ఉమ్మడి అభిప్రాయ తీర్మానాన్ని రెండు సభలూ ఆమోదిస్తాయి, కానీ అధ్యక్షుడి సంతకానికి వెళ్లదు, చట్టం కాదు. జాయింట్ రిజల్యూషన్ మాత్రం సంతకానికి వెళ్తుంది, చట్టబలం వస్తుంది. ఒక దేశం మీద దాడి మొదలైన తొలివారంలో కావలసింది వేగం కాబట్టి అందరూ మొదటి రూపాన్నే పట్టుకుంటారు. ఉక్రెయిన్ మీద రష్యా పూర్తిస్థాయి దండయాత్ర 2022 ఫిబ్రవరి 24న మొదలైతే, ప్రతినిధుల సభ ఉక్రెయిన్‌కు మద్దతు తెలిపే హౌస్ రిజల్యూషన్ 956ను మార్చి 2న 426-3 ఓట్లతో ఆమోదించింది. ఆరు రోజులు. నిబంధనలను పక్కన పెట్టే పద్ధతిలో తెచ్చారు కాబట్టి అంత త్వరగా అయింది. ఆ పద్ధతిలో చర్చ నలభై నిమిషాలకు మించదు, సభలో సవరణలు తేవడానికి లేదు, దానికి బదులు మూడింట రెండొంతుల మెజారిటీ రావాలి. సెనేట్‌లో దారి వేరు. ఎవరికీ అభ్యంతరం లేదంటే క్షణాల్లో అయిపోతుంది, ఒక్కరు అడ్డం చెబితే ఆగిపోతుంది. మార్చి 15న రష్యా యుద్ధనేరాల విచారణకు మద్దతిచ్చిన తీర్మానం సెనేట్‌లో అలాగే, ఎవరి అభ్యంతరమూ లేకుండా గడప దాటింది.

బ్రిటన్ విషయంలో పొరపాటు పడటం తేలిక. అక్కడ ఎర్లీ డే మోషన్ అని ఒకటుంది. ఒకే వాక్యం, 250 పదాలకు మించకూడదు, ఎంపీలు కింద సంతకాలు చేస్తూ పోతారు. అది సభలో చర్చకు రావడం చాలా అరుదు. నాలుగు సంతకాలున్న అలాంటి కాగితాన్ని పట్టుకుని 'బ్రిటిష్ పార్లమెంటు మద్దతు' అని ప్రచారం చేస్తే, అవతలి పక్షం దౌత్యవేత్త దాన్ని ఒక్క నిమిషంలో తేల్చేస్తాడు. దాంతో అసలైన మద్దతు మీద కూడా నమ్మకం పోతుంది.

కెనడా దిగువ సభలో ఏకగ్రీవ సమ్మతి మీద తీర్మానం తెచ్చే సంప్రదాయం ఉంది. సభ్యుడు లేచి పాఠం చదువుతాడు, కాదనేవారున్నారా అని స్పీకర్ అడుగుతారు, ఎవరూ లేవకపోతే అయిపోయింది. 2022 ఏప్రిల్ 27న రష్యా చేతలు జాతిహననమేనన్న తీర్మానం ఆ దారిలోనే నెగ్గింది. యూరోపియన్ పార్లమెంటుది దీనికి పూర్తిగా వ్యతిరేక స్వభావం. రాజకీయ గ్రూపులు ఎవరి పాఠం వారు దాఖలు చేస్తాయి, తర్వాత కూర్చుని ఒక ఉమ్మడి పాఠానికి వస్తాయి, సభలో కొన్ని పేరాల మీద విడివిడిగా ఓట్లు పడతాయి. అందుకే అక్కడి తీర్మానాలు పొడవు. 2022 మార్చి 1న 637-13తో, 26 మంది తటస్థంగా ఉండగా నెగ్గిన తీర్మానం కూడా అంతే, పేజీలకు పేజీలు.

మాట్లాడాలని ఉండి, ఓటు దాకా వెళ్లకూడదనుకునే సభకు ఇంకో మార్గం ఉంటుంది. లోక్‌సభ 2022 ఏప్రిల్ 5, 6 తేదీల్లో ఉక్రెయిన్ పరిస్థితిని 193వ నిబంధన కింద చర్చించింది. ఆ నిబంధన కింద తీర్మానం ఉండదు, చివర్లో ఓటింగ్ ఉండదు. కీవ్ దగ్గరి బుచాలో జరిగిన హత్యలను విదేశాంగ మంత్రి జైశంకర్ ఖండించింది ఆ చర్చలోనే. ఐక్యరాజ్యసమితిలో భారత్ అదే సమయంలో తటస్థంగా ఉంటోంది. నిబంధన ఎంపికే ఒక వైఖరి అన్నమాట.

ఇక పాఠం. ఏ దేశపు సభలోనైనా సాధారణంగా దానికి రెండు భాగాలు. జరిగిందేమిటో చెప్పే పీఠిక మొదటిది, సభ ఏమంటోందో చెప్పే అసలు భాగం రెండోది. పీఠికను అలంకారమనుకుని ఉపన్యాసంలా రాసేస్తారు. అక్కడే మొదటి తప్పు జరుగుతుంది. పీఠికలో ఒక్కో వాక్యం ఒక్కో నిజాన్ని మోయాలి, దానికి తేదీ ఉండాలి, ఎవరైనా సరిచూసుకోగలగాలి. ఉక్రెయిన్ విషయంలో ఆ వరుస ఇలా నడుస్తుంది: బలప్రయోగాన్ని నిషేధించే ఐక్యరాజ్యసమితి చార్టర్ 2(4) అధికరణం, అణ్వాయుధాలు వదులుకున్నందుకు సరిహద్దులకు హామీ ఇచ్చిన 1994 డిసెంబర్ 5 నాటి బుడాపెస్ట్ ఒప్పందపత్రం, 2014లో క్రిమియా ఆక్రమణ, అది చెల్లదన్న 2014 మార్చి 27 నాటి ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తీర్మానం 68/262, ఆ తర్వాతే 2022 ఫిబ్రవరి 24. మధ్యలో ఉన్న 2014ను ఎగరగొట్టి 'ఫిబ్రవరి 24న మొదలైన యుద్ధం' అని రాస్తే, రాసినవారికి తెలియకుండానే క్రిమియాను చర్చలోంచి తీసేసినట్టు. తొందరలో రాసిన చాలా తీర్మానాల్లో ఈ లోపం కనిపిస్తుంది. 'పూర్తిస్థాయి దండయాత్ర' అన్న మాట పుట్టిందే దీనికోసం. ఆ విశేషణాన్ని ఎవరైనా సంక్షిప్తం చేస్తుంటే ఆపాలి.

సరిహద్దుల వాక్యం కూడా అంతే ముఖ్యం. 'ఉక్రెయిన్ ప్రాదేశిక సమగ్రతకు మద్దతు' అని వదిలేస్తే ఏ ఉక్రెయిన్ అన్న ప్రశ్న మిగులుతుంది. 2022 మార్చి 2న సర్వసభ్య సభలో 141 దేశాలు ఓటేసిన తీర్మానం 'అంతర్జాతీయంగా గుర్తించిన సరిహద్దుల లోపల, ప్రాదేశిక జలాలతో సహా' అన్న భావాన్ని స్పష్టంగా రాసుకుంది. జలాలు ఎందుకంటారా? అజోవ్ సముద్రం, నల్లసముద్రం ఉన్నాయి కనుక. ఈ పదబంధాన్ని ఉన్నదున్నట్టు తీసుకోవడం మంచిది. సొంతంగా అందమైన వాక్యం రాయబోతే ఏదో ఒకటి జారిపోతుంది.

పీఠికలో పెట్టకూడనివి యుద్ధరంగం అంకెలు. ముసాయిదా రాసిన రోజుకూ ఓటు రోజుకూ మధ్యే అవి పాతబడతాయి. మృతుల సంఖ్య చెప్పక తప్పదనుకుంటే, ఫలానా తేదీ నాటికి ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయం ధ్రువీకరించిన పౌర మరణాలు అని ఆధారంతో సహా రాయాలి. ఆ కార్యాలయమే అసలు సంఖ్య ఇంతకంటే చాలా ఎక్కువ ఉంటుందని చెబుతూ వస్తోంది కాబట్టి, 'కనీసం' అన్న మాట చేర్చడం మరవకూడదు.

ఎవరి మీద పోరో, ఎవరిని నిలదీస్తున్నామో పేరుపెట్టి చెప్పడంలో 1959 నాటి అమెరికా చట్టం మంచి పాఠం. జూలై 17న అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం చేసిన ఆ జాయింట్ రిజల్యూషన్ జూలై మూడో వారాన్ని 'బందీ దేశాల వారం'గా, అంటే కమ్యూనిస్టు పాలనలో చిక్కిన దేశాల వారంగా, ప్రకటించింది. 22 పేర్లు జాబితాగా ఇచ్చింది. లిథువేనియా, లాట్వియా, ఎస్టోనియా, ఉక్రెయిన్, హంగరీ, టిబెట్ అందులో ఉన్నాయి. ఐడెల్-ఉరల్, కొసాకియా కూడా ఉన్నాయి. ఈ చివరి రెండూ మామూలు అర్థంలో దేశాలుగా నిలదొక్కుకున్నవి కావు. విమర్శకులకు అవే దొరికాయి. పోలండ్ గురించీ హంగరీ గురించీ ఉన్న బలమైన వాదన అంతా 'ఈ కొసాకియా ఎక్కడుంది' అన్న ప్రశ్న దగ్గర చిక్కుకుంది. పైగా దోషాన్ని రష్యన్ కమ్యూనిజం మీద పెట్టారు, రష్యా ప్రజలను మాత్రం బందీల జాబితాలో చేర్చలేదు. ఆ నెలలోనే మాస్కో వెళ్లిన అమెరికా ఉపాధ్యక్షుడు నిక్సన్ దగ్గర క్రుశ్చేవ్ ఈ తీర్మానం మీదే మండిపడ్డాడు. సోవియట్ నాయకుడికి అంత కోపం తెప్పించిందంటే అందులో పస ఉందనే నేనంటాను. అయినా ఆ రెండు పేర్లు లేకుండా ఉంటే ఇంకా పదునుగా ఉండేది. నేటి ముసాయిదాల్లో పాటించవలసిన జాగ్రత్త ఇదే: దోషి రష్యన్ ఫెడరేషన్ ప్రభుత్వం, దాని సైన్యం. 'రష్యన్లు' అని రాయకూడదు. బెలారస్ భూభాగం వాడుకున్నారు కాబట్టి దాని పాత్రను ఒక విడి వాక్యంలో చెప్పాలి, మూకుమ్మడిగా కలపకూడదు.

రెండో భాగంలో అంతా క్రియాపదాల పని. ఆందోళన వ్యక్తం చేస్తోంది, విచారిస్తోంది, గర్హిస్తోంది, ఖండిస్తోంది అన్నవి ఒక మెట్ల వరుస. కోరుతోంది, పిలుపునిస్తోంది, డిమాండ్ చేస్తోంది అన్నవి ఇంకో వరుస. మొదటి వరుస జరిగినదాని గురించి, రెండోది జరగవలసినదాని గురించి. ఒకే తీర్మానంలో దాడిని 'ఖండిస్తూ', ఉపసంహరణను మాత్రం 'కోరుతూ' ఉంటే, ఎక్కడో బేరం జరిగిందని అర్థం. దురాక్రమణదారుకు 'డిమాండ్ చేస్తోంది', సొంత ప్రభుత్వానికి 'కోరుతోంది', మిత్రదేశాలకు 'పిలుపునిస్తోంది' అన్నది సహజమైన పంపకం. 'ఇరుపక్షాలూ సంయమనం పాటించాలి' అన్న వాక్యం పాఠంలోకి దూరితే అది సంఘీభావ తీర్మానం కాదు. ఇల్లు తగలబడుతున్నవాడినీ అంటించినవాడినీ ఒకే గాటన కట్టినట్టు.

మాటను ఎంత నిర్దిష్టంగా రాయాలన్న దానికి జర్మనీ పార్లమెంటు బుండెస్టాగ్‌లో రెండేళ్ల తేడాతో జరిగిన రెండు ఓట్లను పక్కపక్కన పెట్టి చూడొచ్చు. 2022 ఏప్రిల్ 28న అధికార కూటమీ ప్రధాన ప్రతిపక్షమూ కలిసి తెచ్చిన తీర్మానం భారీ ఆయుధాలు ఇవ్వాలని ఆ మాటలతోనే ప్రభుత్వాన్ని కోరింది. 586 మంది అనుకూలం, 100 మంది వ్యతిరేకం, ఏడుగురు తటస్థం. చట్టబలం లేకపోయినా 'భారీ ఆయుధాలు' అన్న మాట సభ నోట వచ్చేసింది కాబట్టి, ఇవ్వాలా వద్దా అన్న ప్రశ్న వెనక్కి పోయి ఏవి, ఎన్ని అన్నది ముందుకొచ్చింది. 2024 ఫిబ్రవరి 22న పరిస్థితి వేరు. అసలు తగాదా టారస్ అనే దూరశ్రేణి క్షిపణి గురించి. కూటమి తీర్మానం దూరశ్రేణి ఆయుధ వ్యవస్థలు అదనంగా ఇవ్వాలంది, టారస్ పేరు ఎత్తలేదు. 382 ఓట్లతో నెగ్గింది. పేరు రాసిన ప్రతిపక్ష తీర్మానం ఓడింది. ఫలితంగా నెగ్గిన వాక్యాన్ని ఎవరికి నచ్చినట్టు వారు చదువుకున్నారు, క్షిపణి మాత్రం కదల్లేదు. ఒక సభ ఏ మాట దగ్గర గొంతు తగ్గించిందో అక్కడే దాని అసలు అభిప్రాయం ఉంటుంది.

సోవియట్ సైన్యం అఫ్గానిస్తాన్‌లో ఉన్న కాలంలో అమెరికా కాంగ్రెస్ 1984 అక్టోబర్‌లో ఆమోదించిన తీర్మానంలో ఒక వాక్యం నాకు ఈ తరహా రచనలో అన్నిటికంటే నిజాయితీగా కనిపిస్తుంది. అఫ్గాన్ యోధులకు పోరాడి చనిపోవడానికి సరిపడా మాత్రమే సాయమిచ్చి, వారి స్వాతంత్ర్య లక్ష్యం ముందుకు సాగేంత ఇవ్వకపోవడం సమర్థించుకోలేని పని అని అది చెప్పింది. చట్టబలం లేని తీర్మానమే. కానీ అది దూరాన ఉన్న శత్రువును తిట్టి ఊరుకోలేదు, సొంత ప్రభుత్వం సాయానికి కొలత పెట్టింది. తర్వాతి ఏడాది నుంచి ఆ సాయం బాగా పెరిగింది. తీర్మానం ఒక్కదానివల్లే పెరిగిందనడం లేదు. ఇంతకంటే తక్కువ ఇస్తే సిగ్గుపడాలన్న గీత మాత్రం అది గీసింది.

ఇక్కడ ఒక ప్రమాదం కూడా ఉంది. ఇవ్వలేనిదాన్ని ఇస్తామన్నట్టు వినిపించే మాట ప్రాణాల మీదికి తెస్తుంది. 1956లో హంగరీలో తిరుగుబాటు చేసినవారిలో చాలామంది పశ్చిమ దేశాలు వస్తాయని ఎదురుచూశారు. అప్పటికి కొన్నేళ్లుగా 'విముక్తి' అన్న మాట పశ్చిమ దేశాల నుంచి రేడియోల్లో, ప్రసంగాల్లో మోగుతోంది. నవంబర్ 4న సోవియట్ ట్యాంకులు బుడాపెస్ట్‌లోకి వచ్చినప్పుడు ఎవరూ రాలేదు. అందుకే 'అండగా ఉంటాం' అని రాసేటప్పుడు, దేనితో, ఎక్కడి వరకు అన్నది అదే వాక్యంలో ఉండాలి.

బరువైన రెండు పదాల గురించి విడిగా చెప్పాలి. ఒకటి 'ఉగ్రవాదాన్ని పోషించే రాజ్యం'. 2022 జూలై 27న అమెరికా సెనేట్ రష్యాను అలా ప్రకటించాలని విదేశాంగ మంత్రిని ఏకగ్రీవంగా కోరింది. ఆ ప్రకటన చేసే అధికారం మంత్రిది, చేస్తే ఆంక్షలు వాటంతట అవే మొదలవుతాయి. అందుకే బైడెన్ ప్రభుత్వం వెనకాడింది, చేయలేదు. 2022 నవంబర్ 23న యూరోపియన్ పార్లమెంటు 494-58తో, 44 మంది తటస్థంగా ఉండగా, రష్యాను అలాగే పిలిచింది. కానీ యూరోపియన్ యూనియన్‌కు ఆ ముద్ర వేసే చట్టమే లేదు, అలాంటి చట్టం తేవాలని ఆ తీర్మానమే అడిగింది. ఒకే మాట ఒక చోట మితిమీరిన బరువు, ఇంకో చోట అసలు బరువే లేదు. రాసేముందు ఆ పదానికి సొంత దేశపు చట్టంలో తాళం చెవి ఉందా లేదా అని చూసుకోవాలి. అయినా ఆ నవంబర్ ఓటు రోజునే పార్లమెంటు వెబ్‌సైట్ సైబర్ దాడితో కుప్పకూలిందంటే, ఎవరికో ఆ మాట గుచ్చుకుందనే కదా.

రెండోది 'జాతిహననం'. ఇది 1948 ఒప్పందంలో నిర్వచనం ఉన్న నేరం. ఒక సమూహాన్ని పూర్తిగానో పాక్షికంగానో నాశనం చేయాలన్న ఉద్దేశం రుజువు కావాలి. ఉక్రెయిన్ పార్లమెంటు, అంటే వెర్హోవ్నా రాదా, 2022 ఏప్రిల్ 14న దీన్ని ప్రకటించి ఇతర దేశాల పార్లమెంట్లు కూడా అలాగే గుర్తించాలని కోరింది. ఏప్రిల్ 21న ఎస్టోనియా, లాట్వియా, 27న కెనడా, మే 10న లిథువేనియా స్పందించాయి. దాడికి గురైన దేశపు సభ పిలుపుకు ఇతర సభలు వరుసగా పలికిన తీరు ఇది. ఈ పదాన్ని వాడొద్దని నేను అనను. వాడితే పీఠికలో దానికి తగిన ఆధారం ఉండాలి: పిల్లల బలవంతపు తరలింపు, ఆ దేశమే లేదనే అధికారిక ప్రచారం, సామూహిక సమాధులు. పిల్లల తరలింపు ఆ ఒప్పందం రెండో అధికరణంలోనే ఉంది. నగరాల మీద బాంబులు అన్నది ఒక్కటే రాసి చివర్లో జాతిహననం అంటే, న్యాయవాదులు అక్కడే పట్టుకుంటారు.

పాఠం ఎంత పొడవుండాలి? పెరిగేకొద్దీ వ్యతిరేకించేవారికి చిక్కే కొమ్మలు పెరుగుతాయి. హౌస్ రిజల్యూషన్ 956కు కాదని ఓటేసిన ముగ్గురిలో ఒకరైన థామస్ మ్యాసీ, అందులోని కొన్ని వాక్యాలను ఏరి, వాటితో తనకు సమ్మతం లేదని బయటికి చెప్పారు. దాడిని ఖండించడం మీద కాకుండా సాయం మీద, ఆంక్షల మీద వాదన పెట్టే వీలు అలా దొరికింది. పీఠికలో ఎనిమిది పది వాక్యాలు, అసలు భాగంలో ఐదారు చాలు. ఆయుధాలు, ఆంక్షలు, శరణార్థులు, విచారణ అన్నిటినీ ఒకే కాగితంలో కుక్కడం కంటే రెండు మూడు తీర్మానాలుగా విడగొట్టడం మేలు.

చట్టం చేసినా అది ప్రతీకగానే మిగిలిపోవచ్చు. 2022 మే 9న బైడెన్ సంతకం చేసిన ఉక్రెయిన్ లెండ్-లీజ్ చట్టం దానికి నిదర్శనం. రెండో ప్రపంచయుద్ధంలో మిత్రదేశాలకు ఆయుధాలిచ్చిన 1941 మార్చి నాటి లెండ్-లీజ్ చట్టం జ్ఞాపకం కోసం ఆ పేరు పెట్టారు. ప్రతినిధుల సభలో 417-10తో నెగ్గింది. 2023 సెప్టెంబర్ 30తో గడువు ముగిసింది. ఆ లోపల ఒక్కసారి కూడా వాడలేదు. కారణం సులువు. లెండ్-లీజ్ అంటే అరువు, అద్దె. సొంత నిల్వల్లోంచి ఆయుధాలను ఉచితంగా ఇచ్చే అధికారం అధ్యక్షుడికి వేరే చట్టంలో అప్పటికే ఉంది. ఉచితంగా దొరుకుతున్నప్పుడు అరువు ఎవరు అడుగుతారు? అయితే ఉచిత నిధులు అయిపోయి, 2023 చివర నుంచి 2024 ఏప్రిల్ దాకా సాయం దాదాపు ఆగిన నెలల్లో ఈ చట్టం బతికి ఉంటే అక్కరకు వచ్చేదేమో. గడువు పొడిగించే వాక్యం లేకపోవడం చిన్న లోపం కాదు.

ఓటు ఎలా వేయించాలన్నది పాఠం అంత ముఖ్యం. మూజువాణి ఓటు త్వరగా అయిపోతుంది, పత్రికలో ఏకగ్రీవం అని వస్తుంది, కానీ ఎవరు అవునన్నారో రికార్డు ఉండదు. ఆరు నెలలకు నిధుల బిల్లు వచ్చినప్పుడు 'మీరు ఆ రోజు చేయెత్తారు కదా' అని అడగడానికి ఆధారం దొరకదు. మద్దతు గట్టిగా ఉందని నమ్మకముంటే పేరుపేరునా ఓటు అడగాలి. సభ్యులు సగం మంది లేని సాయంత్రం వేళ పెట్టించకూడదు. మొదటి సంతకం అధికార పక్షానిదీ, రెండోది ప్రతిపక్షానిదీ ఉండేలా చూసుకోవాలి. ఒక పార్టీ జెండా కింద వచ్చిన తీర్మానం ప్రభుత్వం మారగానే అనాథ అవుతుంది.

రాష్ట్ర స్థాయి చట్టసభలకు ఇంకో హద్దు ఉంది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 1996లో బర్మాతో వ్యాపారం చేసే కంపెనీలను ప్రభుత్వ కొనుగోళ్లకు దూరం పెట్టే చట్టం తెచ్చింది. 2000 జూన్‌లో సుప్రీం కోర్టు దాన్ని ఏకగ్రీవంగా కొట్టేసింది. కాంగ్రెస్ అప్పటికే బర్మా మీద సొంత ఆంక్షల చట్టం చేసింది, దానికి రాష్ట్ర చట్టం అడ్డుపడుతోందన్నది కారణం. అందుకే రాష్ట్ర సభలు ఉక్రెయిన్ మీద మాట్లాడేటప్పుడు తీర్మానం దగ్గర ఆగడమో, తమ సొంత పెన్షన్ నిధుల పెట్టుబడుల వంటి వాటికి పరిమితం కావడమో క్షేమం. అలా హద్దు తెలిసి రాసినది కోర్టులో కొట్టుకుపోదు.

సభలో అతిథులను నిలబెట్టి గౌరవించే సందర్భంలో జాగ్రత్త ఇంకో రకం. 2022 డిసెంబర్ 21న జెలెన్‌స్కీ బఖ్‌ముత్ యుద్ధరంగంలోని సైనికులు సంతకాలు చేసిన జెండాను అమెరికా కాంగ్రెస్‌కు ఇచ్చాడు. బదులుగా ఆ రోజు క్యాపిటల్ మీద ఎగిరిన జెండాను అందుకున్నాడు. లోపం ఎంచడానికి లేని ఘట్టం. 2023 సెప్టెంబర్ 22న కెనడా సభలో ఆయన ముందే జరిగినది దానికి విరుద్ధం. రెండో ప్రపంచయుద్ధంలో రష్యన్లతో పోరాడిన యోధుడంటూ స్పీకర్ ఆంథొనీ రోటా ఒక 98 ఏళ్ల వృద్ధుణ్ణి పరిచయం చేశారు. సభంతా లేచి చప్పట్లు కొట్టింది. ఆయన పనిచేసింది నాజీల వాఫెన్ ఎస్ఎస్ దళంలో అని తర్వాత తేలింది. స్పీకర్ సెప్టెంబర్ 26న రాజీనామా ప్రకటించారు, మర్నాడు ప్రధాని ట్రూడో పార్లమెంటు తరఫున క్షమాపణ చెప్పారు. రష్యా ప్రచారానికి అంతకంటే కోరుకోదగిన కానుక లేదు. ఆ పరిచయ వాక్యం దగ్గరే అనుమానం రావాలి. ఆ యుద్ధంలో సోవియట్ యూనియన్ కెనడాకు మిత్రపక్షం, మరి దానితో పోరాడినవాడు ఎవరి పక్షాన ఉన్నట్టు? అతిథి పేరు, పనిచేసిన దళం, సంవత్సరాలు మూడూ కాగితం మీద రాసి ఒక చరిత్రకారుడికి చూపిస్తే గంట పని. స్పీకర్ కార్యాలయమొక్కటే కాకుండా ఆ దేశ రాయబార కార్యాలయమూ ముందుగా చూడాలి.

ఆమోదం పొందిన తర్వాత తీర్మానం అటకెక్కడం మామూలు. ధ్రువీకరించిన ప్రతులు రాయబార కార్యాలయానికి, ఆ దేశ పార్లమెంటు స్పీకర్‌కు, సొంత విదేశాంగ మంత్రికి, విదేశీ వ్యవహారాల సంఘానికి పంపాలని తీర్మానం చివరి వాక్యంలోనే రాయాలి. పంపవలసినది ఎవరో కూడా అక్కడే ఉండాలి, లేదంటే ఎవరూ పంపరు. అనువాదం న్యాయభాష తెలిసినవారితో చేయించాలి. దురాక్రమణ, ప్రాదేశిక సమగ్రత వంటి వాటికి ఉక్రేనియన్‌లో స్థిరపడిన మాటలున్నాయి. నగరాల పేర్లు రష్యన్ ఉచ్చారణలో కాకుండా వారి భాషలో ఉన్నట్టే రాయాలి. వీలైతే, తీసుకున్న చర్యల మీద ప్రభుత్వం ఇన్ని రోజుల్లో సభకు నివేదిక ఇవ్వాలని ఒక వాక్యం చేర్చాలి. తీర్మానాన్ని మళ్లీ సభ ముందుకు తెచ్చే తాడు అదొక్కటే.

ఈ రంగంలో నాకు అన్నిటికంటే నచ్చిన పనితనం ఐస్‌లాండ్ పార్లమెంటు అల్థింగ్‌ది. 1991 జనవరి 13న లిథువేనియా రాజధాని విల్నియస్‌లో సోవియట్ బలగాల చేతిలో 14 మంది చనిపోయారు. పెద్ద దేశాలు గోర్బచేవ్‌ను ఇబ్బంది పెట్టడానికి జంకుతున్నాయి. ఫిబ్రవరి 11న అల్థింగ్ ఏం చేసిందంటే, లిథువేనియాను కొత్తగా గుర్తిస్తున్నామనలేదు. 1922లో ఇచ్చిన గుర్తింపు ఇంకా పూర్తిగా అమల్లో ఉందని చెప్పింది, వీలైనంత త్వరగా దౌత్య సంబంధాలు పెట్టుకునే పనిని ప్రభుత్వానికి అప్పగించింది. సోవియట్ ఆక్రమణను ఒక్క వాక్యంలో లెక్కలోంచి తీసేసింది. ఆగస్టులో గోర్బచేవ్‌ను దించాలన్న మాస్కో కుట్ర విఫలం కాగానే, 26న సంబంధాలు ఏర్పడ్డాయి. కాగితం అప్పటికే సిద్ధంగా ఉంది.

వార్షికోత్సవ తీర్మానాల గురించి ఒక హెచ్చరిక. సాధారణ తీర్మానం ఆ సభ మాట మాత్రమే, కొత్త సభకు అది కట్టుబాటు కాదు. కాబట్టి మళ్లీ తేవాలి. తెచ్చేముందు తలలు లెక్కపెట్టుకోవాలి. పోయిన ఏటికంటే తక్కువ ఓట్లు వస్తే ఆ తగ్గుదలే వార్త అవుతుంది. సర్వసభ్య సభలో 2022 మార్చిలో 141 వచ్చాయి, 2023 ఫిబ్రవరిలోనూ 141 వచ్చాయి. 2025 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ తెచ్చిన పాఠానికి 93 మాత్రమే వచ్చాయి, అమెరికా వ్యతిరేకంగా వేసింది. ఓట్లు సన్నగిల్లుతున్నాయని తెలిస్తే పాఠాన్ని ఒకే అంశానికి కుదించడం మార్గం. 2024 మార్చిలో, ఆయుధ నిధుల బిల్లు ప్రతినిధుల సభలో నెలల తరబడి ఆగిపోయి ఉన్నప్పుడే, ఉక్రెయిన్ పిల్లల అపహరణను ఖండించే తీర్మానం అదే సభలో 390-9తో నెగ్గింది. అంతకు ఏడాది ముందు, 2023 మార్చి 17న, అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు పుతిన్ మీద వారెంట్ ఇచ్చింది కూడా ఆ పిల్లల విషయంలోనే. 2024 ఏప్రిల్ 20న నిధుల బిల్లు 311-112తో బయటపడింది.